రెండో కాన్పు

మా పెద్దమ్మాయి నడుచుకుంటూ వచ్చి మా ఇంట్లో పుట్టింది. ఈ మాటంటే నవ్వేవాళ్ళున్నారు, నవ్వనీండి.

అప్పుడు మేం అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల సందులో, మూడో అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. ఊరూరి నుంచీ పిల్లలు బస్సు దిగి, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో బ్యాగు పడేసి, నేరుగా మా సందులోకి వచ్చే రోజులవి. నేను వాళ్ళకి జావా చెప్పేదాన్ని. మా ఆయన హైటెక్ సిటీలో ప్రోగ్రాములు రాసేవాడు. మాది తెనాలి వైపు, వాళ్ళది నల్గొండ వైపు. పెళ్ళయి ఏళ్ళు గడిచినా పిల్లలు కలగలేదు. డాక్టర్లు చెప్పాల్సింది చెప్పారు, మేం ఏడవాల్సింది ఏడ్చాం, తర్వాత దత్తతకి పేరు రాయించుకున్నాం.

నగరంలోనే ఒక పిల్లల ఆశ్రమం నుంచి పాప వచ్చింది. ఏడాదిన్నర ఉంటుంది. కోర్టు దత్తత ఖాయం చేసేదాకా పాప మా దగ్గర ఫోస్టర్ కేర్‌లో ఉన్నట్టనీ, అంటే పెంచేది మేమైనా చట్టం లెక్కలో ఇంకా మా పిల్ల కాదనీ ఆశ్రమం తరఫున వచ్చే మేడం చెప్పారు. నేను తలూపాను గానీ ఒక్క ముక్క మనసుకెక్కించుకోలేదు. నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడ్డదాన్ని నా పిల్ల కాదంటే ఎలా ఎక్కుతుంది?

వచ్చిన కొద్ది రోజుల్లోనే సందు మొత్తాన్ని జయించింది. కింద టీ కొట్టు దగ్గర స్టూడెంట్లు ఒకర్నొకరు పిలుచుకునే పిలుపు పట్టేసి, కనపడినవాళ్ళందర్నీ 'భాయ్' అనేది. నన్ను అమ్మా అనకముందే మా ఆయన్ని భాయ్ అంది. ఆఫీసులో కంటే ఇంట్లోనే మర్యాద ఎక్కువ దొరుకుతోందని ఆయన మురిసిపోయాడు. ఒకరోజు క్లాసులో నా కొంగుకి అంటిన అన్నం మెతుకు చూసి ముందు బెంచీలో అమ్మాయి కిసుక్కున నవ్వింది. నేను దులుపుకోలేదు. అమ్మనయ్యానని చెప్పడానికి అంతకంటే పెద్ద బోర్డు ఏం కట్టుకుంటాను?

సరిగ్గా అప్పుడే నేను నెల తప్పాను.

సంతోషమా అంటే, చెప్పలేనంత సంతోషం. పాపని చంకనేసుకుని ఇల్లంతా తిరిగాను. ఆ మర్నాటి నుంచి జనం మొదలుపెట్టారు. 'చూశావా, ఆ పిల్ల కాలుపెట్టిన వేళ ఎంత మంచిదో' అన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. మా పిన్ని తెనాలి నుంచి ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "ఏమే, మరిప్పుడు ఆ పిల్లనేం చేస్తారు?" అంది.

"అన్నం పెడతాం పిన్నీ" అన్నాను.

మేడం కూడా అదే అడిగారు, కాకపోతే కాస్త పద్ధతిగా. "ఏమనుకోవద్దమ్మా. కడుపు పండాక పిల్లల్ని వెనక్కి ఇచ్చేసినవాళ్ళని చూశాను. జడ్జిగారు తప్పకుండా అడుగుతారు. మీ ఇద్దరి మాట చాలదు, ఇంట్లో పెద్దవాళ్ళు పాపని ఎలా చూస్తున్నారో కూడా నేను చెప్పాలి. తీర్పు వచ్చేదాకా పాపని ఊరు దాటించొద్దు, ఎవరి దగ్గరా వదిలి వెళ్ళొద్దు."

పెద్దవాళ్ళు అనేసరికి నాకు అత్తగారు గుర్తొచ్చింది. మా మామగారిది ప్రభుత్వోద్యోగం, ఆయనా ఆవిడా ఎర్రమంజిల్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళు. అత్తగారు పాపని ఒక్క మాట అనలేదు, ఒక్కసారి ఎత్తుకోనూ లేదు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా అరటిపళ్ళు బల్ల మీద పెట్టి, దూరంగా కూర్చుని చూసేది. పాప దగ్గరికెళ్తే "జర ఆడుకోపో బిడ్డా" అనేది. నేను నోరున్నదాన్నే. కానీ ఆవిడ మనసులో ఏముందో అడగడానికి మాత్రం నోరు రాలేదు. వినలేని జవాబు వస్తే ఏం చేయను? పాపని తీసుకెళ్ళిపోతే నేను బతకను, అంతే.

ఏడో నెలలో అత్తగారింట్లో సీమంతం చేశారు. మా అమ్మ తెనాలి నుంచి గాజులు, పూలు, చలిమిడి, సున్నుండలు మోసుకొచ్చింది. వేడుక కాగానే నన్ను వెంటబెట్టుకు వెళ్ళాలని తిరుగు టికెట్లు కూడా తీసి ఉంచింది. ఇందులో ఆవిడ తప్పేం లేదు. తొలి కాన్పు పుట్టింట్లో, మలి కాన్పు అత్తింట్లో. ఎవరింట్లోనైనా అంతే.

"నేను రానమ్మా" అన్నాను.

"రాకపోవడమేంటే? తొలి కాన్పుకి కూతుర్ని తెచ్చుకోలేదంటే ఊళ్ళో నేను తలెత్తుకు తిరగగలనా?"

"పాపని ఊరు దాటించకూడదు."

"మీ ఆయన చూసుకుంటాడు. కాదంటే కొన్నాళ్ళు ఆ ఆశ్రమంలోనే ఉంచండి. పురుడు పోసుకున్నాక తెచ్చుకోవచ్చు."

స్టేషన్లో క్లోక్ రూంలో పెట్టె పెట్టి వెళ్దామన్నంత మామూలుగా అంది. నేను గాజుల చేతుల్తో నేల మీద ఆనుకుని లేచాను. గది నిండా చుట్టాలు. ఏం అనేదాన్నో నాకే తెలీదు, జన్మంతా అమ్మ మర్చిపోలేని మాటే అనేదాన్ని. అంతలో అత్తగారు చేతిలో తాంబూలాల పళ్ళెం కింద పెట్టింది.

"వదినా, జర నా మాట ఇనుండ్రి" అంది మా అమ్మతో. "మొదటి కాన్పు పుట్టింట్ల, రెండోది అత్తింట్ల. మీ దిక్కు సుత గంతే గద?"

"అంతేనండీ" అంది అమ్మ, తనకో తోడు దొరికిందనుకుని.

"మరి గిది రెండోది. కోడలు యాడికి రాదు, నా ఇంట్లనే ఉంటది."

"రెండోదేంటండీ?"

అత్తగారు గడప వైపు వేలు చూపించింది. అక్కడ మా పాప రెండు చేతుల్తో సున్నుండ పట్టుకుని, ముఖమంతా పూసుకుని తింటోంది.

"మొదటిది గాడ కూసోని తింటలేదా?"

ఆవిడ వెళ్ళి పాపని ఎత్తుకుంది. మొదటిసారి. పాప నెయ్యి చేత్తో ఆవిడ చెంప తడిమి "భాయ్" అంది.

"ఇన్నాళ్ళూ ఎందుకెత్తుకోలేదత్తయ్యా?" అందరి ముందూ అడిగేశాను.

"కోర్టోళ్లు మళ్ల తీస్కపోతరేమోనని బిడ్డా. ఎత్తుకుంటే ఇడిచిపెట్టుడు నాతోని కాదు." కొంగుతో ముందు పాప మూతి తుడిచి, తర్వాత తన కళ్ళు తుడుచుకుంది. "ఇగ ఏమన్న కానీ. ఎవడు తీస్కపోతడో నేను సుత సూస్త."

ఆవిడ గురించి నేనేమనుకున్నాను, ఆవిడేమిటి! కూలబడి బావురుమన్నాను. సీమంతంలో ఏడవకూడదని ఎవరో అన్నారు గానీ పట్టించుకోలేదు. అమ్మ మాత్రం నాతో మాట్లాడకుండానే రైలెక్కింది. చలిమిడి గిన్నె మర్చిపోకుండా అడిగి మరీ తీసుకెళ్ళింది.

నెలలు నిండుతుండగా కోర్టు పిలుపు వచ్చింది. అత్తగారు పాపని చంకనెత్తుకుని ముందు నడిచింది, మేం వెనక. జడ్జిగారు కళ్ళజోడు మీంచి నా పొట్టనీ పాపనీ మార్చి మార్చి చూశారు.

"మీకు సొంత బిడ్డ పుట్టబోతోంది కదమ్మా. రేపు ఈ పాప మీద మీ మనసు మారదని నమ్మకమేంటి?"

దీనికి జవాబు ఇంట్లో అద్దం ముందు నిలబడి, చక్కటి మాటల్తో తయారుచేసుకుని వెళ్ళాను. అదంతా ఎటు పోయిందో పోయింది.

"సార్, మీ ఇంట్లో రెండో బిడ్డ పుట్టినప్పుడు, మొదటి బిడ్డ మీద మనసు మారుతుందేమోనని మిమ్మల్నెవరైనా అడిగారా?"

మా ఆయన నా మోచెయ్యి గిల్లాడు. మేడం కళ్ళు మూసుకున్నారు. అంతలో పాప చెయ్యెత్తి జడ్జిగారిని "భాయ్!" అని పిలిచింది. ముందు గుమాస్తా నవ్వాడు, తర్వాత జడ్జిగారికీ నవ్వాగలేదు.

"లేదమ్మా, ఎవరూ అడగలేదు" అన్నారు. ఆ రోజే ఆర్డరిచ్చారు.

తిరిగొస్తుంటే పంజగుట్ట సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. అత్తగారు తల బయటపెట్టి, పక్క ఆటోలో ముక్కూమొహం తెలియని వాళ్ళకి "నా మనమరాలు!" అని చెప్పింది. వాళ్ళు కూడా పాపం, మంచిదమ్మా అన్నారు. ఆ రోజు పంజగుట్ట మొత్తం మాదే అనిపించింది. హారన్లు కూడా మా కోసమే కొడుతున్నట్టుంది.

నొప్పులు మొదలయ్యాక పంజగుట్టలోనే ఒక చిన్న నర్సింగ్ హోంలో చేర్చారు. చెప్పాపెట్టకుండా అమ్మ దిగింది, సున్నుండల డబ్బాతో. వస్తూనే ఒకటి తీసి వరండాలో పాప చేతిలో పెట్టిందట, నాకు తర్వాత తెలిసింది. నాతో ఇంకా మాట కలపలేదు. మంచం పక్కన నిలబడి నా చెయ్యి మాత్రం పట్టుకుంది.

కొత్తగా డ్యూటీకొచ్చిన నర్సు అడిగింది. "మొదటి కాన్పేనా అమ్మా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది.

"కాదమ్మా, రెండోది. పెద్దది బయట నాయనమ్మ చంకలో ఉంది."

డాక్టరుగారికి మా సంగతంతా ముందే తెలుసు గనక ఇబ్బందేం లేదు. నేను అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని, అంత నొప్పిలోనూ పకపకా నవ్వాను.