హిల్డా దొరసాని మొదటి వేసవి

రాయపూర్ స్టేషన్‌లో రైలు దిగిన హిల్డాను తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. వైశాఖం ఎండ. ప్లాట్‌ఫారం రాళ్ల వేడి బూటు అడుగుల్లోంచి కూడా పాదాలకు తగులుతోంది. ఒక రేకు పెట్టె, ఒక మందుల పెట్టె పక్కన పెట్టుకుని ఆమె చాలాసేపు నిలబడింది. మిషన్ దవాఖానా పెద్దనర్సు మార్తా దొరసాని స్వయంగా స్టేషన్‌కి వస్తానని కబురు చేసింది. రాలేదు. చివరికి హిల్డాయే ఒక టాంగా పిలిచి, మిషన్ బంగళా పేరు చెప్పి ఎక్కింది.

విజయనగరం నుంచి కొండల మీదుగా రాయపూర్‌కి రైలుదారి పడి అప్పటికి ఎంతో కాలం కాలేదు. హిల్డాది కెనడాలో గోధుమ పొలాల మధ్య ఉన్న చిన్న ఊరు. నర్సు చదువు పూర్తికాగానే మిషన్‌లో చేరి ఓడెక్కింది. బొబ్బిలి దగ్గర ఒక బంగళాలో ఏడాదిపాటు ఒక పంతులుగారి దగ్గర తెలుగు నేర్చుకుంది. అంతలో రాయపూర్ దవాఖానాకి మనిషి కావాలని పిలుపు వచ్చింది. అక్కడ మాట్లాడేది హిందీ కదా అని హిల్డా భయపడితే, రైల్వేలో తెలుగువాళ్లు బోలెడు మంది ఉన్నారు, మిగతాది మార్తా నేర్పుతుందని పెద్దలు సర్దిచెప్పి పంపారు.

బంగళా గుమ్మం దగ్గర చౌకీదారు దుకాలూ కూర్చుని ఉన్నాడు. హిల్డాను చూసి లేచి నిలబడ్డాడు కానీ పెట్టె అందుకోలేదు.

"మార్తా దొరసానిగారు ఎక్కడ?" అని ఆమె తెలుగులో అడిగింది. తర్వాత ఇంగ్లీషులో అడిగింది.

"మేమ్ సాహబ్ గుజర్ గయీ," అన్నాడతను.

హిల్డాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. బజారుకు వెళ్లిందేమో అనుకుంది. సరేనన్నట్టు తలూపి నవ్వింది కూడా. ఆ నవ్వు చూసి దుకాలూ బిత్తరపోయాడు. ఇంకొకసారి చెప్పాడు, చేతులు తిప్పి చెప్పాడు. ఇక లాభం లేదని రమ్మని సైగ చేసి ఆమెను బంగళా వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ వేపచెట్ల అవతల చిన్న శ్మశానం. ఒక మూల కొత్తగా పోసిన మట్టి, దాని మీద ఎండిపోయిన బంతిపూలు. ఇంకా శిలువ కూడా నాటలేదు.

కలరా. ఆ మాట ఒక్కటి రెండు భాషల్లోనూ ఒకటే కావడంతో, మార్తా దొరసాని ఇక లేదని అర్థమైంది.

మిషన్ పెద్ద, ఆరంగ్ ఊరి అవతల పల్లెల్లో పర్యటనలో ఉన్నాడు. మహానది దాటి వెళ్లాడని, ఎప్పుడొస్తాడో తెలియదని దుకాలూ చేతులతోనే చెప్పాడు. వంటమనిషి కలరా భయంతో తన ఊరికి పోయాడు. అంత పెద్ద బంగళాలో హిల్డా ఒక్కతే మిగిలింది. మార్తా దొరసాని బట్టలు ఇంకా దండెం మీదే ఉన్నాయి. వాటిని తీయడానికి కూడా హిల్డాకు చేతులు రాలేదు.

అయినా మర్నాడు దవాఖానా తలుపులు తీసింది. తీయకపోతే తను వచ్చినదెందుకు? జనం వచ్చారు. "పేట్ పిరావత్ హే" అంటూ ఒక ముసలమ్మ పొట్ట పట్టుకుంది. అది సరే, పొట్టే. ఎన్నాళ్ల నుంచి? ఏం తిన్నది? రక్తం పడుతోందా? అడగడానికి మాట లేదు. హిల్డాకు వచ్చిన తెలుగు ఆ గదిలో ఒక్కరికీ రాదు. ఆమె సైగలు చేస్తుంటే పిల్లలు నవ్వారు. పెద్దవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు.

ఆ వారంలోనే ఆ ఘోరం జరిగింది. ఫూల్‌బాయి అనే పడుచు తల్లి కళ్లు పుసులుకట్టిన పసివాణ్ణి ఎత్తుకొచ్చింది. హిల్డా వాడి కళ్లు కడిగి, కంట్లో వేయడానికి చుక్కల మందు సీసా ఇచ్చింది. కంటిని చూపించింది, సీసాను చూపించింది, వేలితో చుక్క పడ్డట్టు చూపించింది. ఫూల్‌బాయి తలూపి వెళ్లిపోయింది. ఇంటికి వెళ్లి మందంతా పిల్లవాడి చేత తాగించింది.

పిల్లవాడు చావలేదు. వాంతులై, ఒళ్లు చల్లబడి, రెండు రోజులు కళ్లు తెరవకుండా పడి ఉండి బతికాడు. కానీ మొదటిరోజు సాయంత్రమే వాడి తండ్రి కర్ర పట్టుకుని వచ్చాడు. దవాఖానా అలమారలో సీసాలన్నీ పగలగొట్టాడు. అతను అరుస్తున్న మాటలు హిల్డాకు తెలియవు. పిల్లవాడు ఉన్నాడో పోయాడో కూడా ఆమెకు తెలియదు. తప్పు నాదే, క్షమించమని చెప్పడానికి మాట లేదు. గోడకు ఆనుకుని, రెండు చేతులూ జోడించి, తెలుగులోనే "క్షమించుడి, క్షమించుడి" అంటూ ఉండిపోయింది. అతను ఆమె కాళ్ల ముందు ఉమ్మేసి పోయాడు.

ఆ తర్వాత దవాఖానాకి ఒక్కరూ రాలేదు. పిల్లవాడు బతికే ఉన్నాడని దుకాలూ ఎలాగో తెలియజెప్పాడు. అది విన్నాక కూడా ఆమెకు అన్నం సహించలేదు. ప్రార్థన చేద్దామని మోకాళ్ల మీద కూర్చుంటే నోట మాట వచ్చేది కాదు. దేవుడు తనను ఇక్కడికి పిలిచాడని ఇంట్లో అందరితో గట్టిగా వాదించి వచ్చింది. ఆ పిలుపు తన పొగరేనేమో, తను ఈ ఊరికి జబ్బులాగా వచ్చి పడిందేమో అనిపించింది. ఒక ఉదయం రేకు పెట్టె సర్దుకుంది. మందుల పెట్టె ఎవరికీ వదలబుద్ధి కాక అదీ తీసుకుంది. విజయనగరం వెళ్లే రైలు మధ్యాహ్నం. దానికి చాలా ముందే స్టేషన్‌కి వచ్చి, షెడ్డు కింద పెట్టె మీద తల వంచుకుని కూర్చుంది.

అప్పుడు వినిపించింది తెలుగు.

"ఓలమ్మోలమ్మ! డాకటరు బాబు లైను మీదకెల్లిపోతే నానేటి సేసీది? ఎవులి కాళ్లట్టుకోను?"

స్టేషన్ మాస్టరు గది ముందు ఒక నడివయసు ఆడమనిషి నెత్తి కొట్టుకుంటోంది. ఆమె పేరు వరహాలమ్మ. స్టేషన్‌లో పట్టాలు మార్చే పైంట్‌మేను పరదేశి భార్య. ఈ సంగతులన్నీ నాకు చెప్పింది ఆమే. మా చిన్నప్పుడు రైల్వే క్వార్టర్లలో మా వెనక వరసలో ఉండేది. బొబ్బిలి పక్కనుంచి మొగుడితో వచ్చి, పట్టాలకు ఆవలి వైపు గుఢియారీ బజారులో మరమరాలు అమ్మి, ఊరివాళ్ల మాటలన్నీ వంటబట్టించుకున్న మనిషి. పరదేశి చెల్లెలు సూరమ్మ తొలికాన్పుకి అన్నగారింటికి వచ్చింది. నొప్పులు మొదలై అప్పటికి ఒక పగలూ ఒక రాత్రీ గడిచాయి. మంత్రసాని తన వల్ల కాదని చేతులెత్తేసింది. రైల్వే డాక్టరు ఎక్కడో లైను మీద ప్రమాదానికి వెళ్లాడు.

హిల్డా లేచి దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, మీరు ఏల దుఃఖించుచున్నారు?"

వరహాలమ్మ ఏడుపు ఆపి చూసింది. తెల్లమొహం, ఎర్రబడిన కళ్లు, నోట్లోంచి పురాణం చదివినట్టు తెలుగు. ఆశ్చర్యపోవడానికి కూడా తీరిక లేదు. హిల్డా చేతిలోని మందుల పెట్టె చూసింది. అంతే, ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వు డాకటరమ్మవా?"

"కాదు. నేను నర్సును. నాకు అంతగా తెలియదు. నేను వెళ్లిపోవుచున్నాను."

"తెలీకపోతే పోనీ. రా తల్లీ!"

పట్టాలు దాటుతుండగానే రైలు వచ్చే గంట కొట్టారు. హిల్డా ఒకసారి వెనక్కి చూసింది. వరహాలమ్మ చెయ్యి వదల్లేదు.

ఒకే గది ఇల్లు. చీకటి, పొగ, ఆడవాళ్ల గుంపు. సూరమ్మ గోడవైపు తిరిగి మూలుగుతోంది. హిల్డా పరీక్ష చేసి చూసింది. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. చిన్న చెయ్యి ఒకటి బయటికి వచ్చేసింది, నీలంగా, చల్లగా. ఇలాంటి కాన్పు చదువుకునే రోజుల్లో ఒక్కసారి చూసింది. చేసింది డాక్టరు, తను దీపం పట్టుకుంది అంతే. లోపలికి చెయ్యి పెట్టి బిడ్డను తిప్పాలి. తప్పితే తల్లి కూడా పోతుంది.

కిటికీ తీయించింది. నీళ్లు కాయించింది. మోచేతుల దాకా కడుక్కుంది.

"ఆగుము! ఇప్పుడు బలము చేయవద్దు! ఆగుము!" అని హిల్డా అరిచింది. సూరమ్మకు ఆ మాటలు ఎక్కలేదు. ఉన్న బలమంతా పెట్టి ముక్కుతోంది.

వరహాలమ్మ ఆమె మొహం దగ్గరికి వంగింది. "ముక్కకే సూరమ్మా! ముక్కకే నా తల్లి. కుక్కనాగ ఊపిరి పీల్సు. అద్దీ. అలగే ఉండు."

సూరమ్మ ఆగింది. హిల్డా పంతులుగారి తెలుగులో చెప్పడం, వరహాలమ్మ ఇంటి తెలుగులోకి తిప్పడం, అలా ఎంతసేపు జరిగిందో ఇద్దరికీ తెలియదు. చివరికి బిడ్డ కాళ్లు దొరికాయి. మగపిల్లవాడు. చనిపోయే పుట్టాడు. సూరమ్మ మిగిలింది.

హిల్డా ఇంటి వెనక బొగ్గునుసి కుప్ప పక్కన కూలబడింది. చేతులకు నెత్తురు. విజయనగరం రైలు ఎప్పుడో వెళ్లిపోయింది. వరహాలమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఆ చేతుల మీద పోసింది.

"నేను చంపితిని," అంది హిల్డా. "ఈ ఊరిలో నేను ముట్టినదెల్ల చచ్చుచున్నది."

"నువ్వు సంపనేదమ్మా." వరహాలమ్మ గొంతు తగ్గించింది. "పొద్దున్నే బిడ్డ కదలడం మానేసినాది. నాను పొట్ట మీద సెయ్యేసి సూసినాను. సూరమ్మకి సెప్పనేదు, దాని అన్నకీ సెప్పనేదు. సెప్తే అది అక్కడే పేణం ఇడిసేస్తాది." చెంబు కింద పెట్టి అంది, "పొద్దుట్నించీ ఆ మాట నా కడుపులో ఎట్టుకుని తిరుగుతన్నాను. నీకొక్కదానికే సెప్పినాను."

అప్పుడు ఇద్దరూ ఏడ్చారు. తర్వాత వరహాలమ్మ లోపలికి వెళ్లి గంజి తెచ్చింది. హిల్డా తాగింది. ఎన్నో రోజుల తర్వాత కడుపులోకి వెళ్లిన తిండి అది.

సూరమ్మ మొగుడు సత్తిరాజు పట్టాలు బాగుచేసే గాంగ్ పనిలో దూరంగా ఉండేవాడు. కబురు అంది వచ్చి, గుడ్డలో చుట్టిన బిడ్డను పూడ్చడానికి తీసుకుని పట్టాల వెంట నడుచుకుంటూ పోయాడు.

మర్నాటికి సూరమ్మకు జ్వరం వచ్చింది. హిల్డా ఆ భయంతోనే ఆగిపోయింది. వరండాలో చాప వేసుకుని ఉండి, తడిగుడ్డలు వేస్తూ, తన దగ్గరున్న మందులన్నీ వాడింది. జ్వరం దిగలేదు. సూరమ్మ పలవరింతల్లో పాలివ్వడానికి బిడ్డను తెమ్మని అడిగేది. ఇవ్వడానికి బిడ్డ లేడు, పాలు కారి రవిక తడిసిపోయేది. హిల్డా ఆ రవికలు ఉతికేది. ఈ లోపల గార్డు భార్య తాయారమ్మ కొళాయి దగ్గర గొడవ మొదలెట్టింది. "ఆ కిరస్తానపావిడ ముట్టుకున్న బిందె ఇక్కడ పెట్టకు" అని వరహాలమ్మను వెనక్కి పంపేసింది. వరహాలమ్మ రోజూ దూరంగా ఇంజన్లకు నీళ్లు పట్టే చోటికి వెళ్లి మోసుకొచ్చుకుంది.

జ్వరం ఒక తెల్లవారుజామున దిగింది. ఎందుకు దిగిందో హిల్డాకు తెలియదు. మందులవల్లనని ఆమె ఎప్పుడూ అనలేదు.

సూరమ్మ లేచి కూర్చున్నాక హిల్డా వరహాలమ్మను అడిగింది. "మీరు నాతో రండి. ఈ ఊరివారి మాట నాకు చెప్పండి. నా మాట వారికి చెప్పండి."

"బొట్టు తీసీమంటావా?"

"వద్దు."

"మీ దేవుడి పాటలు పాడమంటావా?"

"మీకు ఇష్టము లేనిచో వద్దు."

పరదేశి ఒప్పుకోలేదు. కులంలో మాట వస్తుందన్నాడు. వరహాలమ్మ మరమరాల గంప దింపి, "నీ సెల్లెలు బతికినప్పుడు రాని కులం ఇప్పుడొస్తాదేటి?" అంది. అతను డ్యూటీ లాంతరు తీసుకుని బయటికి పోయాడు. అదే ఒప్పుకోలు అనుకుని ఆమె వెళ్లింది.

ఇద్దరూ మొదట వెళ్లింది దవాఖానాకి కాదు, ఫూల్‌బాయి ఇంటికి. హిల్డాయే పట్టుబట్టింది. గుమ్మంలో పసివాడు మట్టిలో ఆడుకుంటున్నాడు. కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. హిల్డా చెప్పిన ప్రతి మాటా వరహాలమ్మ ఆ ఊరివాళ్ల భాష ఛత్తీస్‌గఢీలో చెప్పింది. మందు ఎలా వాడాలో తెలిసేలా చెప్పలేకపోవడం తన తప్పని, ఆ తప్పుకు ఏమన్నా పడతానని. ఫూల్‌బాయి అంతా విన్నది. తర్వాత పిల్లవాణ్ణి చంకనెత్తుకుని ఒక మాట అంది.

"ఏమి అన్నది?"

వరహాలమ్మ తటపటాయించింది. "వొద్దు లేమ్మా."

"చెప్పండి."

"అది పగలంతా కూలికెల్లి, పిల్లడి కల్లు బాగవుతాయని ఆశతో వొచ్చిందట. ఇంక దాని బిడ్డ మీద సెయ్యెయ్యొద్దంతంది."

ఫూల్‌బాయి తలుపు మూసుకుంది. హిల్డా ఆ మూసిన తలుపుకు నమస్కారం పెట్టి వచ్చింది. ఫూల్‌బాయి ఆ తర్వాత ఎన్నడూ దవాఖానాకి రాలేదు.

చాలా రోజులు ఖాళీ బెంచీల ముందే ఇద్దరూ కూర్చున్నారు. వరహాలమ్మ మాటలు నేర్పేది. హిల్డా పగిలిన అలమారను తుడుచుకుంటూ పలికేది. వానలు పడి కలరా మళ్లీ లేచినప్పుడు, వేరే దిక్కు లేనివాళ్లు కొద్దికొద్దిగా రావడం మొదలెట్టారు. నమ్మి కాదు, గతిలేక. వచ్చినవాళ్లలో పోయినవాళ్లూ ఉన్నారు.

మహానది పొంగకముందే మిషన్ పెద్ద ఆరంగ్ నుంచి తిరిగొచ్చాడు. జరిగినదంతా విని, హిల్డా చిక్కి సగమవడం చూసి జాలిపడ్డాడు. బొబ్బిలికి పంపించేస్తానని, ఎవరూ తప్పు పట్టరని అన్నాడు. హిల్డాకు వెళ్లాలనే ఉంది. ఆ మాట దాచలేదు కూడా.

"వెళ్లాలని రోజూ అనిపిస్తుంది," అంది. "కానీ రేపు ఉదయం ఒక ముసలాయన కట్టు మార్చాలి. నేను రమ్మంటే ఆయన వస్తానన్నాడు."

అలా ఒక రేపు, ఇంకో రేపు అనుకుంటూ ఆమె రాయపూర్‌లోనే తలనెరిసింది. పిలుపు సంగతి మళ్లీ ఎవరితోనూ ఎత్తలేదట. ఛత్తీస్‌గఢీ బాగా వచ్చింది కానీ, అందులో బొబ్బిలి యాస పోలేదు. గుఢియారీ బజారులో అది విని నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది.