నేను చూడని గొయ్యి

తొమ్మిదేళ్ళుగా నా గుండెల మీద ఒక బరువుంది. మా ఆయనకు తెలియదు. అమ్మకు తెలియదు. అప్పట్లో నాతో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను. కాస్త ఓపిక పట్టండి. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. భయం వల్లనా? కాదనుకుంటాను. నిన్న జరిగినదాని వేడి ఇంకా తగ్గలేదు. పొద్దుటి నుంచి మూడుసార్లు కాఫీ పెట్టుకున్నాను, మూడుసార్లూ తాగడం మరిచిపోయాను.

నేను చేసింది చూడ్డానికి చిన్న పనే. ట్యాబ్‌లో ఒక గడిలో టిక్కు పెట్టాను. చూడనిదాన్ని చూశానని రాశాను. దానివల్ల ఆరు ఆవులు రైలు కింద పడి చచ్చిపోయాయి. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. టెక్సస్‌లోనే సివిల్ ఇంజనీరింగ్‌లో ఎమ్మెస్ చేసి, ఇర్వింగ్‌లో స్రవంతితో కలిసి అపార్ట్‌మెంట్‌లో ఉండేదాన్ని. మా వాళ్ళందరూ చల్లని ఆఫీసుల్లో కోడ్ రాసుకుంటుంటే నేనొక్కదాన్నే బురద బూట్లతో ఇంటికొచ్చేదాన్ని. రైలు పట్టాల పక్కన కంచెలు తనిఖీ చేసే ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో ఉద్యోగం. పశువులు పట్టాల మీదకి రాకుండా వేసిన ముళ్ళతీగ ఎక్కడైనా తెగిందా, గుంజలు ఒరిగాయా, గేట్ల గొళ్ళాలు సరిగ్గా పడుతున్నాయా చూడాలి. ట్యాబ్‌లో రాసి ఫోటో పెట్టాలి. నాకా పనంటే పిచ్చి ఇష్టం. గూడ్సు బండి ఇంకా కనబడక ముందే అరికాళ్ళ కింద నేల అదిరేది. ఒంటరిగా నిలబడి, ఎవరూ వినరు కదా అని దానితో పాటు గట్టిగా అరిచేదాన్ని.

ఇర్వింగ్ నుంచి మూడు గంటలు డ్రైవ్ చేస్తే డోరతీ వాళ్ళ మేత భూములు వస్తాయి. డోరతీకి అప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు వాల్టర్‌తో కలిసి ఆవులను పెంచేది. వాళ్ళ భూమి మధ్యలోంచి రైలు పట్టాలు పోతాయి, పట్టాలకు రెండు వైపులా రైల్వే వాళ్ళ కంచె. ఆ కంచెలో రెండే రెండు దారులున్నాయి. ఒకటి డోరతీ వాళ్ళు అటూ ఇటూ దాటడానికి పెట్టుకున్న ఇనుప గేటు. అది వేయడం, తీయడం వాళ్ళ బాధ్యత. రెండోది అక్కడికి అర మైలు అవతల, రైల్వే మరమ్మతు బళ్ళు వచ్చే మట్టిరోడ్డు. అక్కడ గేటు లేదు. నేలలో అడ్డంగా గొయ్యి తవ్వి, దాని మీద ఇనుప గొట్టాలు ఎడమెడంగా పరిచారు. క్యాటిల్ గార్డ్ అంటారు. బండి చక్రాలు దాని మీద దొర్లిపోతాయి. ఆవు మాత్రం సందులో గిట్ట దిగబడుతుందని కాలు పెట్టదు. కానీ ఆ భయమంతా కింద గొయ్యి ఉన్నంతవరకే. వాన నీళ్ళకు మట్టి కొట్టుకొచ్చి గొయ్యి పూడిపోతే, ఆవుకి అది మామూలు దారే.

ఆ మార్చి నెలంతా వానలు. నేను వెళ్ళిన రోజు డోరతీ గేటు దగ్గరే ఎదురైంది. తను గేటు దాటి, గొలుసు కొక్కేనికి తగిలించి, ఒకసారి లాగి చూసి, అప్పుడు నావైపు తిరిగింది.

"ఆ చివర గొయ్యి ఉంది చూడు, అది బాగా పూడినట్టుంది. నాకు మోకాళ్ళ నొప్పి, అంతదూరం నడవలేను. నువ్వు సరిగ్గా చూడు, సరేనా?" అంది.

"తప్పకుండా చూస్తాను మిస్ డోరతీ" అన్నాను.

నిజంగానే చూద్దామనుకున్నాను. నమ్మండి. కంచె వెంట నడుస్తూనే ఉన్నాను. అప్పుడు ఫోన్ మోగింది. మా బాస్. "నీ పేరు వచ్చింది" అన్నాడు. ఒక్క క్షణం అర్థం కాలేదు. ఇక్కడ ఉద్యోగం చేసుకోవడానికి కావాల్సిన హెచ్ వన్ వీసా లాటరీ! అంతకుముందు రెండుసార్లు రాలేదు. అదే ఆఖరి అవకాశం, ఈసారి కూడా రాకపోతే పెట్టె సర్దుకోవడమే. నేను ఆ బురదలోనే గెంతాను. ముళ్ళతీగకి అవతల నిలబడ్డ ఆవులు బెదిరి పక్కకు జరిగాయి. స్రవంతికి ఫోన్ చేస్తే అది చెవులు పగిలేలా అరిచింది.

"పిక్ అయ్యిందా! ఏయ్, నిజంగా? ఒట్టు? వచ్చెయ్‌వే, ఇంకా ఆ కంచెల దగ్గరేం చేస్తున్నావ్! అందరికీ కాల్ చేస్తున్నా, బిర్యానీ ఆర్డర్ చేస్తున్నా, నువ్వు స్టార్ట్ అవ్వు అంతే!"

ఆ గొయ్యి దగ్గరికి ఇంకా పావు మైలు ఉంది. బురదకి కారు పోదు, నడవాలి. నేను నిలబడిన చోటు నుంచి చూస్తే రోడ్డు మధ్యలో ఏదో పచ్చగా కనబడింది. గొయ్యిలో గడ్డి మొలిచిందా అని అనుమానం కూడా వచ్చింది. వచ్చింది, అవును. అయినా ట్యాబ్ తీశాను. 'గొయ్యి శుభ్రంగా ఉంది' అన్న గడిలో టిక్కు పెట్టాను. పొద్దున ఇంకో ఊరి దగ్గర తీసిన అలాంటి గొయ్యి ఫోటో జతచేశాను. దారి పొడవునా కారులో పాటలు పెట్టుకుని పాడుకుంటూ ఇంటికొచ్చాను. అంత సంతోషంగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను.

పదకొండో రోజున ఆవులు పట్టాలెక్కాయి. డ్రైవరు బ్రేకులు వేసినా అంత పొడవు గూడ్సు ఎక్కడ ఆగుతుంది? మనుషులెవరికీ ఏమీ కాలేదు. ఆరు ఆవులు పోయాయి. అందులో రెండు చూడివి.

ఆ మోతకి వాల్టర్, చుట్టుపక్కల వాళ్ళు గేటు వైపు నుంచే పరిగెత్తారు. రైల్వే వాళ్ళు వచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. ముందు ఎవరు తెరిచారో ఎవరికీ గుర్తులేదు. ఆ పొద్దున ఆవులకు ఉప్పు పెట్టడానికి గేటు దాటి వెళ్ళొచ్చింది డోరతీ. చచ్చిన ఆవులను తీయడానికి పెద్ద యంత్రాలు మరమ్మతు రోడ్డు మీదుగా వచ్చాయి. అవి నడవడానికి ఆ రోడ్డంతా తవ్వి చదును చేశారు. గొయ్యి ఎలా ఉండేదో చూపించడానికి ఇక అక్కడ ఏమీ మిగల్లేదు. నా రిపోర్టు తప్ప.

కానీ ఒక ఫోటో ఉంది. రైలు సిబ్బంది ప్రమాదం జరిగిన వెంటనే తీసిన ఫోటోలు మా ఆఫీసుకి కాపీలుగా వచ్చాయి. ఒకదాంట్లో చచ్చిన ఆవు, దాని వెనక ఒక మూల ఆ గొయ్యి. గొట్టాలు కనబడటం లేదు. రోడ్డుకి సమానంగా మట్టి. ఆ మట్టి మీద బురదలో దిగబడిన గిట్టల గుర్తులు, బోలెడన్ని. అందరూ ఆవుని చూశారు. ఆ మూలకి నేనొక్కదాన్నే చూశాను. అలాగే చూస్తూ ఉండిపోయాను. తర్వాత ఫైలు మూసేశాను.

ఆవులు గేటు నుంచి వచ్చాయా, గొయ్యి మీదుగానా తేల్చడానికి మరుసటి వారం నన్ను డోరతీ ఇంటికి తీసుకెళ్ళారు. రైల్వే తరఫు అధికారి, వాల్టర్, డోరతీ, నేను. వసారాలో కూర్చున్నాం. అధికారి నా రిపోర్టు చదివాడు. వాల్టర్ అక్క వైపు చూడకుండా టోపీని చేతుల్లో తిప్పుతున్నాడు. డోరతీ లేచి నా కుర్చీ ముందుకొచ్చి నిలబడింది.

"నేను నిన్నే అడుగుతున్నాను. ఆ గొయ్యి నీ కళ్ళతో చూశావా?"

"చూశాను మిస్ డోరతీ."

"పూడిపోయి లేదా?"

"లేదు. శుభ్రంగా ఉంది."

ఆమె కళ్ళు నా మొహం మీద అలాగే నిలిచాయి. నేను తల దించుకోలేదు. దించుకుని ఉంటే కనిపెట్టేసేదేమో. కాసేపటికి ఆమె చెయ్యి నెమ్మదిగా నుదుటి మీదకి పోయింది.

"అయితే నేనే గేటు వెయ్యలేదన్నమాట. వేశాననే గుర్తు. గొలుసు చప్పుడు కూడా గుర్తుంది" అని తమ్ముడి వైపు తిరిగింది. "అమ్మకి కూడా మతిమరుపు ఇలాగే మొదలైంది కదా, వాల్టర్?"

వాల్టర్ టోపీ తలకి పెట్టుకున్నాడు. లేచి లోపలికెళ్ళిపోయాడు.

ఎందుకు అబద్ధం ఆడాను? ఉద్యోగం పోతే వీసా పోతుందని. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న జవాబు అదే. నిజమే, కానీ పూర్తి నిజం కాదు. లాటరీలో నా పేరు వచ్చిన ఆ రోజు నా జీవితంలో అన్నిటికంటే సంతోషమైన రోజు, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది, దాని మీద ఆరు ఆవుల నెత్తురు పడటం నాకిష్టం లేకపోయింది. నా సంతోషం శుభ్రంగా ఉండాలని ఒక మనిషి తన బుర్రనే నమ్మకుండా చేశాను. ఇంత నీచంగా ఎలా ఉండగలిగాను? ఉండగలిగాను. మర్నాడు మామూలుగా ఆఫీసుకి కూడా వెళ్ళాను.

వీసా వచ్చింది. పెళ్ళయింది. ఇంకో కంపెనీకి మారాను. రెండేళ్ళ తర్వాత ఒకసారి ఆ దారిన పోతూ పెట్రోలు కొట్టించుకుంటుంటే అక్కడి కౌంటర్‌లో ఆవిడ చెప్పింది. ఆ అక్కాతమ్ముళ్ళు ఆవులన్నీ అమ్మేశారట. అక్కకి మతిమరుపని తమ్ముడు ట్రక్కు తాళాలు తీసేసుకున్నాడట. డాక్టరు ఏమీ లేదన్నా ఆమే నమ్మదట. నేను చిల్లర కూడా తీసుకోకుండా బయటికొచ్చేశాను.

ఇప్పుడు కంచెలు తనిఖీ చేసేవాళ్ళకి నేనే పై అధికారిని. మా టీమ్‌లో ఒకాయన ఉన్నారు, సుబ్బారావు గారు, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. పోయిన గురువారం మీటింగ్‌లో అందరి ముందూ చెయ్యెత్తారు.

"మేడమ్, ఆ చివరి మైలు నేను చూళ్ళేదండీ. కాలు బెణికింది. టిక్ పెట్టలేదు, ఖాళీగా వదిలేశా. మండే వెళ్ళి చెక్ చేస్తాను."

"సరేనండీ" అన్నాను. అంతే. మీటింగ్ ముందుకి సాగింది. ఎవరూ ఆయన వైపు రెండోసారి చూడలేదు. నేను మాత్రం బాత్‌రూమ్‌లోకి వెళ్ళి గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆ నాలుగు మాటలు చెప్పడానికి ఆయనకి ఎంతసేపు పట్టిందని!

నిన్న శనివారం. ఇంట్లో ఆఫీసు పనని చెప్పి బయల్దేరాను. మూడు గంటలూ కారులో పైకే రిహార్సల్ చేశాను. "నేను అబద్ధం ఆడాను. నేను అబద్ధం ఆడాను."  ఇల్లు అదే. తలుపు డోరతీయే తీసింది. బాగా చిక్కిపోయింది, జుట్టు పూర్తిగా నెరిసింది. తలుపు పక్కన గోడకి, మరిచిపోకుండా తను రాసుకున్న కాగితాలు అంటించి ఉన్నాయి. స్టవ్ ఆర్పాను. కుళాయి కట్టాను. వెనక తలుపు వేశాను. ప్రతిదాని ఎదురుగా పెన్సిల్ గుర్తులు, రోజుకి ఐదారు.

నన్ను గుర్తుపట్టలేదు. పేరు చెప్పాను. కూర్చోమంది. కూర్చోలేదు.

"మిస్ డోరతీ, ఆ రోజు నేను ఆ గొయ్యి చూడలేదు. చూశానని అబద్ధం చెప్పాను. తర్వాత ఫోటో చూశాను. గొయ్యి పూడిపోయి ఉంది. దాని మీద గిట్టల గుర్తులున్నాయి. ఆవులు అటు నుంచే వచ్చాయి. మీ గేటు నుంచి కాదు."

ఆమె కదల్లేదు. వినబడలేదేమో అనుకున్నాను. మళ్ళీ చెప్పబోయాను.

"వాల్టర్!" అని అరిచింది. ఆ వయసు మనిషికి అంత గొంతు ఎక్కడిది! "వాల్టర్, ఇటు రా! త్వరగా!"

వాల్టర్ కర్ర పట్టుకుని వచ్చాడు. "మళ్ళీ చెప్పు. వీడికి చెప్పు. గట్టిగా చెప్పు" అంది నా మోచెయ్యి పట్టుకుని ఊపుతూ. నేను మళ్ళీ చెప్పాను. ఫోన్‌లో ఆ ఫోటో చూపించాను. అవును, ఇన్నేళ్ళూ దాని కాపీ దాచుకున్నాను, ఎందుకో నాకే తెలియదు. వాల్టర్ కళ్ళజోడు సరిచేసుకుని చాలాసేపు చూశాడు.

"వేశాను కదా!" డోరతీ బల్ల మీద అరచేత్తో కొట్టింది. "వేశానని చెప్పాను కదా! గొలుసు చప్పుడు గుర్తుందన్నాను కదా!" ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది, గదిలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతోంది. మోకాళ్ళ నొప్పి ఏమైందో! వాల్టర్ కుర్చీలో కూలబడి రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. "తొమ్మిదేళ్ళు, డాటీ" అన్నాడు, అక్కని చిన్నప్పటి ముద్దుపేరుతో పిలుస్తూ. 

నేను ఏదో అనబోయాను. సారీ అనే అయి ఉంటుంది. డోరతీ చెయ్యెత్తి ఆపింది.

"క్షమించమని అడగకు. నాకిప్పుడు తీరిక లేదు. నేను చాలామందికి ఫోన్ చెయ్యాలి. నువ్వు వెళ్ళు."

వెళ్ళాను. మెట్లు దిగుతుంటే కిటికీలోంచి ఆమె గొంతు వినబడింది. ఎవరికో ఫోన్‌లో మొదటి నుంచి చెబుతోంది, మధ్యమధ్యలో తనే ఆగి నవ్వుతోంది.

ఇవాళ పొద్దున, అప్పుడు జరిగిందంతా రాసి, ఫోటో జతచేసి, రైల్వే వాళ్ళకీ మా కంపెనీకీ ఈమెయిల్ చేశాను. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. మా ఆయన పిల్లని ఈతకి తీసుకెళ్ళారు, ఇంకో అరగంటలో వస్తారు. రాగానే చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఆయన ఏమంటారో అంతకన్నా తెలియదు. ఆ ఆవులు లేచి రావు, ఆమె తొమ్మిదేళ్ళూ తిరిగి రావు, నన్ను ఎవరూ క్షమించలేదు. అయినా లేచి ఇల్లంతా పరిగెత్తాలనుంది. చెప్పేశాను. నా నోటితో, ఆమె మొహం చూస్తూ, రెండుసార్లు చెప్పాను.