వాగొడ్డున ఇచ్చిన మాట

హనుమాయమ్మకు సరుకు అమ్మడం కంటే ఊరకే ఇచ్చి పంపేయడం తేలికని తిరువూరు బజారులో కొట్లవాళ్ళు అనుకునేవారు. కందిపప్పు కొంటే నోట్లో వేసుకుని కొరికి చూసేది. చీర కొంటే అంచు తడిపి, రంగు పోతుందేమోనని రుద్దేది. బస్సెక్కితే కండక్టరు ఇచ్చిన టికెట్టును పక్కవాళ్ళ టికెట్టుతో పోల్చుకునేది. నెమలి అనే ఊళ్ళో తిరణాలకు వెళ్ళినా చెప్పులు సంచిలో దాచుకుని, సంచితో సహా స్వామిని దర్శించుకునేది. వేణుగోపాలుడి ఎదుటికి చెప్పులేంటమ్మా అని పూజారి కోప్పడితే, "ఆయనే వెన్నదొంగ కదయ్యా, ఆయన గుడి ముందు వదిలేసి రమ్మంటావా?" అందిట. అనే ఉంటుంది.

అయితే ఆ అనుమానం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. మొగుడు పోయిన ఏడాదే పాలివాళ్ళు, కాటికి తోడొచ్చి కన్నీళ్ళు పెట్టుకున్న ఆ పాలివాళ్ళే, పొలం గట్టు జరిపారు. ఆమె చంకలో పిల్లాడితో వెళ్ళి గట్టు మీద కూర్చుంది. కొలిపించి, వెనక్కి జరిపించేదాకా లేవలేదు. అప్పట్నుంచి ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వారా అని చూడటం నేర్చుకుంది. అనుమానం పెనుభూతం అంటారు గానీ, ఆ భూతమే ఆమెకు అన్నం పెట్టింది. కొడుకు ఆదిశేషయ్యను పెంచి పెద్దచేసింది.

డెబ్భైనాలుగు ఎండాకాలంలో ఆ కొడుకును ఎవరో చంపేశారు. హనుమాయమ్మ వాళ్ళకూ పక్క పొలం దశరథరామయ్యకూ బావి ఉమ్మడి. నీళ్ళ వంతు దగ్గర ఇద్దరికీ మాటామాటా వచ్చిన సంగతి అందరికీ తెలుసు. ఆ మర్నాడు పొద్దున శేషయ్య తల పగిలి కాలవలో బోర్లా పడి ఉన్నాడు. పారతో కొట్టారన్నారు. చూసినవాళ్ళు మాత్రం లేరు. పోలీసులు దశరథరామయ్యను పట్టుకెళ్ళి, కొన్నాళ్ళకు బెయిలు మీద వదిలారు.

"వాడే" అంది హనుమాయమ్మ. పోలీసులతో అంది, ప్లీడరుతో అంది, బెజవాడ బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియనివాళ్ళతో అంది. తిరువూరు కోర్టులో వాయిదా ఉన్నప్పుడల్లా వెళ్ళి వరండాలో నిలబడేది. దశరథరామయ్య తలొంచుకుని ముందు నుంచి వెళ్ళిపోయేవాడు. "గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ! తలెత్తడేం?" అనేది. తలెత్తితే, చూశారా ఎంత పొగరో అనేదే. అది వేరే సంగతి.

నిజానికి ఆమెకు కావలసింది వాడి ఉరి కాదు. ఆ కాలవ దగ్గర ఏం జరిగిందో తెలియాలి. పిల్లాడు దెబ్బకే పోయాడా, ఎవరైనా వస్తారేమోనని చూస్తూ పడి ఉన్నాడా? దాహం అడిగాడా? అమ్మా అన్నాడా? అన్నం కలుపుకున్నా ఇదే, పడుకున్నా ఇదే. బెజవాడ పెద్దకోర్టులో విచారణ మొదలైతే వాణ్ణి బోనెక్కించి అడుగుతారు, అప్పుడు చెప్పక ఎక్కడికి పోతాడు అనుకుంది. ఎవర్నీ నమ్మని మనిషి ఆ విచారణనొక్కదాన్నే నమ్మింది.

విచారణ మొదలవకముందే దశరథరామయ్య పోయాడు. పచ్చకామెర్లు ముదిరి బెజవాడ ఆసుపత్రిలో పోయాడని కబురొచ్చింది. శవాన్ని లారీలో తెచ్చి, ఇంటికి కూడా తీసుకురాకుండా నేరుగా కాటికి తీసుకెళ్ళారు. హనుమాయమ్మ పరుగున వెళ్ళేసరికి చితి సగం కాలిపోయింది. కట్టెలు పేర్చిన శౌరయ్యను పట్టుకుంది.

"మొహం చూశావా?"

"గుడ్డ కప్పి ఉందమ్మా."

"చూడకుండానే కట్టెలు పేర్చావా?"

"చచ్చినోడి మొహం నాకెందుకమ్మా!"

ఇంకేం కావాలి? ఎవడో దిక్కులేని శవాన్ని తెచ్చి కాల్చారనీ, అసలువాడు ఖమ్మం వైపు ఏ మామిడితోటలోనో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడనీ తేల్చేసింది. పొద్దున్నే ప్లీడరు కృపానందం గారి గుమ్మంలో వాలింది.

"ముద్దాయి పోతే కేసూ పోయినట్టేనమ్మా," అన్నారాయన మెల్లిగా. "ఇక కోర్టు ఎవర్ని విచారిస్తుంది?"

"వాడు పోయాడని ఎవరన్నారండీ?"

"ఆసుపత్రివాళ్ళు కాగితం ఇచ్చారుగా."

"కాగితానికేం బాబూ, మా పాలివాళ్ళూ కాగితం చూపించే గట్టు జరిపారు. సరే, కేసు పోయిందే అనుకోండి. నా కొడుకు సంగతి ఎవరు చెప్తారు?"

కృపానందం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

దశరథరామయ్య పెద్దకర్మ నాడు వాగొడ్డున కాకికి పెడతారని విని, పిలవని పేరంటానికి బయలుదేరింది. చచ్చినవాడికి తీరని కోరికుంటే కాకి ముట్టదని లోకం అంటుంది. అసలు చచ్చినవాడంటూ లేకపోతే కాకి ఎందుకొస్తుందని ఈమె లెక్క.

ఇసుకలో విస్తరి పరిచి, అన్నమూ కూరలూ వడ్డించి అందరూ పక్కకు జరిగారు. తుమ్మచెట్టు మీద కాకులున్నాయి. ఒక్కటీ దిగలేదు. దశరథరామయ్య తమ్ముడు వెంకటప్పయ్య చేతులు జోడించి, "అన్నా, నీ పిల్లల్ని నా పిల్లల్లా చూసుకుంటా" అన్నాడు. దిగలేదు. "బావిలో మన వాటా వదిలిపెట్టను" అన్నాడు. దిగలేదు. ఎవరో గుర్తుచేస్తే ఒక చుట్ట తెచ్చి విస్తరి పక్కన పెట్టారు. కాకులు ఇటు కాకుండా అటు తిరిగి కూర్చున్నాయి. ఇసుక కాళ్ళను కాలుస్తోంది.

హనుమాయమ్మ ఒడ్డు మీంచి రెండడుగులు ముందుకేసింది. "చచ్చినవాడుంటేగా కాకి దిగేది!" అని అరిచేసింది.

వెంకటప్పయ్య చెయ్యెత్తుకుని లేచాడు. ఇంతలో దశరథరామయ్య పెళ్ళాం సరోజిని, అప్పటిదాకా నోరు విప్పని మనిషి, విస్తరి ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూలబడింది.

"మీరు చెప్పాలనుకున్నది ఆయమ్మకి నేను చెప్తాను. మాటిస్తున్నా. తినండి."

ఒక కాకి దిగింది. అన్నం ముద్ద ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. వదిన ఇంకో మాట అనకముందే వెంకటప్పయ్య ఆమెను లేవదీసి బండెక్కించాడు.

హనుమాయమ్మ అక్కడే కూర్చుండిపోయింది. వాడు చచ్చాడు. చెప్పాల్సింది మిగుల్చుకుని చచ్చాడు. రెండూ ఒక్కసారే తెలిశాయి. ఇంటికొచ్చాక అనుమానం మళ్ళీ లేచింది. తన నోరు మూయించడానికి అందరూ కలిసి ఆడిన నాటకమేమో. కాకిని మచ్చిక చేశారేమో. అసలు ఆ సరోజినిని గడప దాటనిస్తారా? అయినా వీధి తలుపు తెరిచే ఉంచింది. ఆ ఇంటి తలుపు పట్టపగలు తెరిచి ఉండటం చూసి ఇరుగుపొరుగు ఆశ్చర్యపోయారు.

ఒక మధ్యాహ్నం సరోజిని వచ్చింది. మొగుడు పోయినదాన్ని అంత తొందరగా పరాయి ఇంట అడుగు పెట్టనివ్వరు గనక దడి బయటే ఆగిపోయింది. హనుమాయమ్మ ఆమె వెనక వీధిలోకి తొంగిచూసింది.

"ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు పెద్దమ్మా. రేపు మా పుట్టింటివాళ్ళు తీసుకెళ్తారు. మాటిచ్చానుగా, అందుకని వచ్చాను."

"లోపలికి రా. రావే, నా ఇంటికి కొత్తగా వచ్చే అశుభమేముంది గనక!"

అరుగు మీద కూర్చోబెట్టింది. మంచినీళ్ళిచ్చింది. తాగేదాకా కూడా ఆగలేకపోయింది.

"చెప్పు. ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

"మరి వాగొడ్డున..."

"కాకి రావట్లేదు పెద్దమ్మా. అందరూ ఏవేవో అంటున్నారు. మీ అబ్బాయి పోయాక ఈ రెండేళ్ళూ ఆయన పక్కన మసిలాను, లోపల ఏదో ఉందని నాకు తెలీదా? అడిగితే గోడవైపు తిరిగి పడుకునేవారు. ఆఖరికి ఆసుపత్రిలో కూడా అడిగాను. కళ్ళు మూసుకున్నారు. అందుకే ఆ మాటన్నాను. అనగానే కాకి వచ్చింది. అంటే మీకు చెప్పాల్సింది ఉన్నట్టేగా? అదేంటో నాకూ చెప్పకుండా పోయారు."

హనుమాయమ్మ ఆ పిల్ల మొహంలో అబద్ధం కోసం వెతికింది. కళ్ళలో వెతికింది, గ్లాసు పట్టుకున్న చేతుల్లో వెతికింది. జన్మలో మొదటిసారి ఆమెకు ఏమీ దొరకలేదు. దొరికి ఉంటే బాగుండుననిపించింది.

సరోజిని గ్లాసు కింద పెట్టి, కళ్ళు తుడుచుకోకుండానే ఆమె మొహంలోకి చూసింది.

"మీరు ఊరంతా చెప్తున్నారుగా పెద్దమ్మా. పోలీసులకీ చెప్పారు. నాకూ చెప్పండి. రేపు నా పిల్లలు నన్నే అడుగుతారు. ఆయనేనా?"

వాడే అన్న మాట నాలుక మీదికి వచ్చింది. ఇన్నాళ్ళూ అన్నదేగా. విన్నవాళ్ళంతా జాలితోనో, విసుగుతోనో తలాడించినవాళ్ళే. నిజంగా తెలుసుకుందామని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఈ పిల్ల అడుగుతోంది. ఏం చెప్తే అది మూటగట్టుకుని పోయి, పిల్లల చేతుల్లో పెడుతుంది.

హనుమాయమ్మ వచ్చి అరుగు మీద ఆమె పక్కన కూర్చుంది.

"నేను చూళ్ళేదే తల్లీ," అంది చివరికి. "నాకూ తెలీదు."