భాకరాపేట ఘాటులో సుశీల ఎత్తిన వేలు

ముందుగా ఒక మాట సరిదిద్దాలి. భాకరాపేట ఘాటులో నా కారు లోయ అంచుదాకా జారిపోయిందనీ, ఆ సంగతి తెలిసి మా తమ్ముడి కొడుకు నా చేతిలోంచి తాళాలు లాక్కున్నాడనీ చిత్తూరులో మా బంధువుల ఇళ్ళల్లో చెప్పుకుంటున్నారు. మొన్న ఒక పెళ్ళిలో ఒకామె నా చేయి నిమిరి, "పోనీలే అక్కా, ఇంగ సుకంగా బస్సుల్లో తిరుగుదువులే" అని ఓదార్చింది కూడా. కారు ఎక్కడికీ జారలేదు. రోడ్డు పక్కన విశాలమైన చోటు చూసుకుని, హెచ్చరిక దీపాలు వెలిగించి, బానెట్ ఎత్తి, నేనే నిలిపాను. అదే సమయానికి ఆర్టీసీ బస్సు కిటికీలోంచి మమ్మల్ని చూసిన దూరపు బంధువు ఒకాయన మిగిలిన కథ అల్లుకున్నాడు. తాళాల సంగతి మాత్రం వేరు. అది చివర చెబుతాను.

వానలు బాగా కురిశాక తలకోన జలపాతం చూడటం మా ఇంట్లో పాత అలవాటు. మావారు ఉన్నప్పుడు ముగ్గురం వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు నేనూ, నా ఆడబిడ్డ సుశీలా వెళుతున్నాం. ఆమె భర్త పోయాక నా దగ్గరికే వచ్చేసింది. సుశీలకు కారు నడపడం రాదు, కొండదారి అంటే కడుపులో తిప్పుతుంది. అయినా రెండేళ్ళుగా నేను ఎక్కడికి బయలుదేరినా, పిలవకుండానే ముందు సీటులో వచ్చి కూర్చుంటుంది, పిడికిట్లో ఒక నిమ్మకాయతో. కారులో తిరగడం మీద మోజు పుట్టిందనుకున్నాను.

ఉదయం ఆరు దాటాక చిత్తూరు వదిలాం. తలకోనకు పీలేరు మీదుగా కూడా వెళ్ళవచ్చు గాని, అడవి నీడ ఇష్టమైనవారు తిరుపతి రోడ్డు పట్టుకుని, గాదంకి టోల్‌గేటు దాటి, చంద్రగిరి దగ్గర ఎడమకు మళ్ళి రంగంపేట, భాకరాపేట మీదుగా వెళ్ళాలి. దారిలో ఆగుతూ వెళ్ళినా మూడు గంటలకు మించదు. నా కారు పాతది, చిన్నది. గేరు చేత్తో మార్చుకోవలసిందే. నాకు నడపడం నేర్పింది మావారు. "మీటరు చూడొద్దు, చెవి పెట్టు. ఇంజను సన్నగా గలగలమంటే అది అలసిపోయిందని. వెంటనే గేరు దించు" అనేవారు. అప్పటి నుంచీ నేను చెవితోనే గేరు మారుస్తాను. ఆ విషయంలో నాకు కొంత గర్వం కూడా ఉంది.

గాదంకికి ముందు టమాటా లారీ ఒకటి అడ్డం వస్తే, దాన్ని దాటడానికి యాక్సిలరేటరు గట్టిగా తొక్కాను. సుశీల నిమ్మకాయ వాసన చూడటం ఆపి నా వైపు తిరిగింది.

"వదినా, మళ్ళా ఆ సప్పుడు."

"ఏం చప్పుడు?"

"డబ్బాలో చెనిగ్గింజలేసి ఆడించినట్టుండాది. బండిని తరిమితే ఇట్నే అంటాది. పోయినసారీ సెప్తిని గదా."

"నాకేం వినపడలేదే."

"నీకెట్ల ఇనపడతాది, లారీవోణ్ణి తిట్టేదాంట్లో ఉంటివి."

నేను నవ్వేశాను. కాని ఆమె వర్ణించిన చప్పుడు నాకు బాగా తెలుసు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆడపిల్లల కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పాను. ఆక్టేన్ సంఖ్య పాఠం చెప్పని సంవత్సరం లేదు. ఇంజనులో పెట్రోలు ఆవిరిని, గాలిని కలిపి నొక్కిపెట్టి, సమయం చూసి నిప్పురవ్వతో వెలిగిస్తారు. ఎక్కువ బరువు లాగేటప్పుడు, వేడి పెరిగినప్పుడు, ఆ మంట అందేలోపే మిగిలిన ఆవిరి తనంతట తానే అంటుకుంటే లోపల పోటు పుట్టి గలగలమని చప్పుడు వస్తుంది. ఎప్పుడో ఒకసారి సన్నగా వస్తే భయపడనక్కరలేదు. పట్టించుకోకుండా గంటలకొద్దీ అలాగే లాగిస్తే పిస్టన్లు దెబ్బతింటాయి. పెట్రోలు ఆ ఒత్తిడిని అంటుకోకుండా ఎంతవరకు తట్టుకోగలదో చెప్పేదే ఆక్టేన్ సంఖ్య. చాలామంది దాన్ని పెట్రోలు బలం అనుకుంటారు. నేను పిల్లలకు అది పెట్రోలు ఓర్పు అని చెప్పేదాన్ని.

చంద్రగిరిలో బంకు దగ్గర ఆపాను. పంపు దగ్గరున్న యువకుడు గొట్టం చేతబట్టి అడిగాడు.

"మామూల్దేసేదా, ప్రీమియమా మా?"

"ప్రీమియం వేస్తే ఏమవుతుంది నాయనా?"

"బండి గుర్రం మాదిరి పోతాది."

"గుర్రమేల, మా వదిన సాలదా?" అంది సుశీల లోపలి నుంచి.

గుర్రం వేగం రాదని అతనికి చెప్పి, అయినా ప్రీమియమే వేయించుకున్నాను. మామూలు పెట్రోలుతో హాయిగా నడిచే ఇంజనుకు ఖరీదైన పెట్రోలు పోసినందువల్ల బలమూ పెరగదు, మైలేజీ కూడా చెప్పుకోదగ్గంత పెరగదు. కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో ఏ ఆక్టేన్ రాసి ఉంటే అది చాలు. గలగల వస్తున్న ఇంజనుకు మాత్రం ఎక్కువ ఆక్టేన్ ఉపశమనం ఇస్తుంది. లీటరుకు కొన్ని రూపాయలు ఎక్కువైనా ప్రయత్నించి చూడదగ్గ మందు అది. ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక పోయించుకుంటే ఫలితం స్పష్టంగా తెలుస్తుంది. నా ట్యాంకు అప్పటికి అడుగంటే ఉంది. జబ్బు తెలిసింది, మందు పడింది అనుకుని ధీమాగా బయలుదేరాను.

రంగంపేట దాటాక ఘాటు మొదలవుతుంది. రెండు వైపులా అడవి, మలుపు మలుపుకూ గాలి చల్లబడుతుంది. ఉదయం తొమ్మిదిలోపు ఎక్కితే లారీల రద్దీ తక్కువ. నేను మూడో గేరులో, ఎప్పటిలాగే నిదానంగా ఎక్కుతున్నాను. నా చెవికి ఇంజను పిల్లిలా గుర్రుమంటోంది. రెండో మలుపు తిరిగేసరికి సుశీల నా మోచేతిని పట్టుకుంది.

"ఆపు వదినా. ఇప్పుడు బో జోరుగా ఉండాది."

అక్కడే నేను కారు నిలిపింది, బానెట్ ఎత్తింది. ఇంజను వేడి చూపే ముల్లు సరిగానే ఉంది, నీళ్ళు సరిగానే ఉన్నాయి, ఎక్కడా కారడం లేదు. బస్సు దాటిపోయింది. అందులో ఎవరో చేయి ఊపారు, మేమూ ఊపాం. వదంతి ప్రయాణం ఆ బస్సులోనే మొదలైంది.

తరగతి గదిలో ఏళ్ళ తరబడి నిలబడినదాన్ని, ఊహతో సరిపెట్టుకోలేను. కారెక్కి సుశీలకు చెప్పాను: "నేను మళ్ళీ ఎక్కిస్తాను. చప్పుడు వినపడగానే చూపుడు వేలెత్తు. ఆగగానే దించు. మాట్లాడకు."

"నాకు పరీచ్చా?"

"కారుకు."

మూడో గేరులో పెడల్ నొక్కాను. పక్కచూపుకు వేలు లేవడం కనిపించింది. కాలు సడలించాను, వేలు దిగింది. మళ్ళీ నొక్కాను, లేచింది. ఏసీ ఆపి చూశాను. వేలు కొంచెం ఆలస్యంగా లేచింది, కాని లేచింది. రెండో గేరుకు దించి అదే ఏటవాలు మీద అంతే వేగంగా పోనిచ్చాను. ఇంజను గొంతు పెంచింది గాని వేలు ఒళ్ళోనే ఉండిపోయింది. నమ్మలేక ఇంకొకసారి మూడో గేరు వేశాను. వేలు లేచింది.

ఇన్నిసార్లూ నాకు వినిపించింది ఒకటే చప్పుడు, పిల్లి గుర్రుమన్నట్టు.

పెట్రోలు మారినా గలగల పోలేదు, గేరు దించితే పోయింది. నేను కొండను అందుకు తగని గేరులో ఎక్కిస్తున్నాను. ఎందుకు ఎక్కిస్తున్నానంటే, గేరు దించమని ఇంజను పెట్టే మొర నాకు చేరడం లేదు. మావారు నేర్పినదంతా ఒక సన్నని చప్పుడు మీద ఆధారపడి ఉంది. నా చెవులు ఎప్పుడో, నాకు చెప్పకుండానే, ఆ చప్పుడును వదిలేశాయి.

మిగిలిన ఘాటంతా రెండో గేరులో ఎక్కాను. సుశీల వేలును కొంగు కింద దాచుకుంది. ఆ దాచుకోవడం చూసి నాకు అర్థమైంది, ఈ సంగతి ఆమెకు ఇవాళ తెలిసింది కాదని.

భాకరాపేటలో ఒక చిన్న పూటకూళ్ళ ఇంటి దగ్గర ఆగాం. రాగిసంగటి, ఊరిబిండి అనే చెనక్కాయల పచ్చడి, పప్పు. ఇద్దరికీ కలిపి రెండు వందలు దాటలేదు. వడ్డించే ఆవిడ ఏదో అడిగింది. నేను తల ఊపాను. నా ఆకులో ఇంకో సంగటి ముద్ద పడింది.

"ఇంగో ముద్దేసేదా అని అడిగితే తలూపినావు గదమ్మా, అందుకే ఏస్తి" అందావిడ.

"మా వదినకు ఆకలెక్కువలే" అని సుశీల చటుక్కున ఆ ముద్దలో సగం తన ఆకులోకి తీసుకుంది. ఆమె తిండి పిచ్చుక తిండి. కష్టపడి మింగుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఇలాంటి సగం ముద్దలు ఈ రెండేళ్ళలో ఇంకెన్ని తిన్నదో.

భాకరాపేట నుంచి నేరబైలు మీదుగా తలకోనకు అడవిదారి. గేటు దగ్గర మనుషులకూ బండికీ టిక్కెట్టు తీసుకోవాలి, చిల్లర ఉంచుకోండి. కోతులుంటాయి గనుక తినేవి చేతిలో పెట్టుకోవద్దు. సిద్ధేశ్వరస్వామికి దండం పెట్టుకుని, జారే రాళ్ళ మీద ఒకరి చేయి ఒకరం పట్టుకుని నీళ్ళ దగ్గరికి చేరాం. జలపాతం హోరు నాకు నిండుగా వినపడింది. లావు చప్పుళ్ళతో నాకు పేచీ లేదు. తుంపర మొహాన పడుతుండగా సుశీల చెవి దగ్గరికి వంగి, గట్టిగానే అడిగాను.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

ఆమె నీళ్ళకేసి చూస్తూ చెప్పింది. "కుక్కర్ ఈలేస్తా ఉండింది. నువ్వు పక్కనే పేపరు సదువుకుంటా కూసోనుంటివి. నేనే పోయి ఆపితిని. మర్నాడూ అంతే. రెండేండ్లాయె."

"చెప్పలేదేం?"

"సెప్తే కారు అమ్మేస్తువు. నువ్వు మొండిదానివి, ఒగరు నిన్ను అనకముందే నువ్వే అమ్మేస్తువు. అమ్మేసి ఇంట్లో కూసుంటే సూడలేను వదినా. అన్నున్నప్పుడు యాడికైనా నువ్వే గదా తిప్పింది మమ్మల్ని."

"అందుకా కడుపులో తిప్పుతున్నా ప్రతిసారీ ఎక్కి కూర్చున్నావు?"

"ఎనకొచ్చే హారన్ నేనింటే సాలు గదా అనుకుంటి. నీకేమో గాలి మార్పు, నాకేమో నిమ్మకాయ."

"ఆ నిమ్మకాయ ఇలా ఇవ్వు" అన్నాను. ఇచ్చింది. చాలాసేపు వాసన చూశాను.

తిరుగు ప్రయాణంలో ఘాటును రెండో గేరులోనే దిగాను. దిగుడులో పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసే అలవాటు మనవైపు చాలామందికి ఉంది, దయచేసి ఆ పని చేయవద్దు. సుశీల నిద్రపోలేదు. వెనక హారన్ మోగినప్పుడల్లా, దాపరికం లేకుండా ఈసారి, వేలెత్తి చూపింది. పొద్దు వాలకముందే చిత్తూరు చేరాం.

ఇంజను తన బాధను ముందు సన్నగానే చెప్పుకుంటుంది. మనిషి ప్రేమ కూడా చాలాసార్లు అంతే సన్నగా ఉంటుందని ఇంటికి వచ్చాక ఆ కుక్కర్ వైపు చూస్తూ అనుకున్నాను. నా ఇంట్లో రెండేళ్ళు ఒకరు నా బదులు వింటూ తిరిగారు, నేనేమో ఆమెకు షికారు సరదా అనుకున్నాను. ఓర్పుకు సంఖ్య ఉంటుందని ఎందరికో పాఠం చెప్పాను గాని, సుశీల ఓర్పుకు నా దగ్గర కొలత లేదు.

ఇక కొండదారిలో వెళ్ళేవారికి పనికొచ్చే మాట ఒక్కటే. ఎక్కుడులో గలగల వినపడితే ముందు కాలు సడలించి గేరు దించండి. దించినా పోకపోతే ఒక ట్యాంకు ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు వాడి చూడండి, అప్పటికీ పోకపోతే మెకానిక్కుకు చూపించండి. మీకు వినపడకపోయినా, పక్కన కూర్చున్నవారిని ఒకసారి అడగండి.

మరునాడు ఉదయం నేనొక్కదాన్నే ఆటో ఎక్కి చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పరీక్ష చేసి, రెండు చెవులకూ సన్నని స్వరాలు వినపడటం తగ్గిందనీ, వినికిడి యంత్రాలు పెట్టుకుంటే సరిపోతుందనీ చెప్పారు. ఇంట్లో పెద్దవాళ్ళను తీసుకొచ్చి నిర్ణయించుకోమంది అక్కడి అమ్మాయి. పెద్దవాళ్ళు వచ్చి కూర్చునే ఉన్నారని చెప్పి, అప్పటికప్పుడే యంత్రాలకు పురమాయించాను. వదంతి విని, డ్రైవరును పెడతానని ఫోను చేసిన తమ్ముడి కొడుకుకు వద్దన్నాను. ఇంటికి వచ్చి కారు తాళాలు సుశీల కొంగుకు నేనే ముడివేశాను. లాక్కున్నవారెవరూ లేరు. యంత్రాలు పెట్టుకుని, కుక్కర్ ఈల ఆమెకంటే ముందు నేను విని వంటింట్లోకి వెళ్ళిన రోజున ఆ ముడి నేనే విప్పుకుంటాను.