పదకొండుకు తెరిచే హోటల్

వచ్చే ఆదివారం మా బాపుకు డెబ్బై ఏళ్లు నిండుతాయి. ఈసారి సిటీలో మంచి రెస్టారెంట్‌కు తీసుకెళ్లాలని తమ్ముడూ నేనూ పట్టుబట్టాం. ఈ రోజు పొద్దున కిష్టారెడ్డిపేటలో ఆయన పక్కన కూర్చుని, ఫోన్లో ఒక్కో హోటల్ ఫొటోలు చూపించాను. ఆయన ఫొటోలు చూడలేదు, మెనూ అడగలేదు. ప్రతిదానికీ ఒకటే ప్రశ్న: "పదకొండుకు తెరుస్తరా?"

ఐదు హోటళ్లకు ఫోన్ చేశాను. అందరూ పన్నెండు దాటాకే రమ్మన్నారు. ఆఖరి హోటలతను "పదకొండుకు అన్నం ఎవరు తింటారు మేడం?" అని నవ్వేసరికి నాకు చిర్రెత్తుకొచ్చింది.

బాపు బొల్లారంలో మందుల కంపెనీలో చేసేవాడు. ఏళ్ల తరబడి సెకండ్ షిఫ్టే. ఆదివారమైనా సరే, పన్నెండుకు కంపెనీ బస్సు ఎక్కాల్సిందే. మేం బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండేవాడు కాదు, ఆయన వచ్చేసరికి మేం నిద్రపోయేవాళ్లం.

"బాపూ, రిటైరై ఇన్నేండ్లాయె. ఇంకా బస్సు పోతదని పరేషాన్ ఏంది నీకు?" అన్నాను.

"బస్సు కోసం గాదు బిడ్డా," అన్నాడు. "ఐతారం నాడు మీరిద్దరు నా పక్కన కూసోని తిన్నది పదకొండుకే గదా. గట్లనే తిందామనుకున్న."

ఫోన్ పక్కన పెట్టేశాను. ఆ ఆదివారాల్లో కోడికూరలో మంచి ముక్కలు మాకు వేసి, వాచీ చూసుకుంటూ సగం అన్నంలోనే లేచిపోయేవాడు.

సిటీలో పదకొండుకే అన్నం పెట్టే మంచి హోటల్ మీకెవరికైనా తెలిస్తే చెప్పండి. ఈసారి మా బాపును సగంలో లేవనివ్వం.