మిద్దె మీది మైకు

మా పక్కింటి అన్న పోయారు. డ్యూటీకి బయలుదేరుతూ, బూట్లు వేసుకుంటూనే ఒరిగిపోయారట. వదిన గోడ మీదుగా కేకేసింది. నేను పరుగెత్తేసరికే అంతా అయిపోయింది.

ఆయనకో పిచ్చి ఉండేది, మీరు నవ్వుకున్నా సరే. మిద్దె మీద పూలకుండీల మధ్య చిన్న మైకు పెట్టి, పాత కంప్యూటరుకు తగిలించి, దానితోనే ఇంట్లో ఒక వెబ్‌సైటు నడిపేవారు. అందులో మిద్దె చప్పుళ్ళు తప్ప ఏమీ ఉండవు. కాజీపల్లి ఫ్యాక్టరీ క్యాంటీన్లో టిఫిన్ డబ్బా విప్పి, ఫోన్లో ఆ పేజీ తెరిచి, వింటూ తినేవారు. పిచ్చుకలు, ఆరేసిన చీరల రెపరెపలు, ఎక్కడో లారీ హారను. ఇంకా, కుండీలకు నీళ్ళు పోస్తూ మైకుతో మాట్లాడే వదిన.

"ఇనవడ్తుందా? కూరల ఉప్పెక్కువైంది, జెర పెరుగు కలుపుకో."

బయటి నుంచి పేజీ తెరుచుకోవాలంటే రౌటర్లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టాలి. నాకది నేర్పిందీ, కంప్యూటరంటే భయం పోగొట్టిందీ ఆయనే.

"ఫ్యాక్టరీ గేటు లెక్కనే చెల్లె. వచ్చినోడు ఏ షెడ్డుకు పోవాల్నో వాచ్‌మన్‌కు చెప్పి పెట్టాలె. ఒక్క దర్వాజనే తెరువు. అన్నీ తెరిస్తే దొంగలు జొర్రుతరు."

ఓసారి మా ఇంట్లోనూ అలాంటి పేజీ పెట్టి, ఫోన్లో తెరిచి, "వస్తోందన్నా!" అని ఎగిరాను. పగలబడి నవ్వారు.

"ఇంటి వైఫై మీదనే సూస్తివా? ఇంట్ల కూసొని తలుపు తీసే ఉందంటే ఎట్ల? బయటికి పోయి కొట్టి సూడు!"

ఓపిక ఎంతో ఎకసక్కెం కూడా అంతే ఆయనకు.

దినాలయ్యాక ఇంటర్నెట్ వాళ్ళు పాత రౌటరు మార్చేశారు. పేజీ మూగబోయింది. వదిన వచ్చి మా గుమ్మంలో నిలబడింది.

"నేను రోజూ మాట్లాడుతనే ఉన్న చెల్లె. గిప్పుడు ఫోన్ల పేజీ వస్తలేదు. ఇగ ఆయనకెట్ల ఇనవడ్తది?"

పోయినవాళ్ళకు వినిపించదని చెప్పే నోరు నాకు లేదు.

కొత్త రౌటర్లో ఆ కంప్యూటరు అడ్రసు మారకుండా కట్టేసి, ఒక్క పోర్టును, అన్న చెప్పిన ఆ ఒక్క దర్వాజను, దానివైపు తిప్పాను. వదినను మిద్దె మీదికి పంపి, ఫోన్లో వైఫై ఆపి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, వీధి చివరిదాకా నడిచాను. మబ్బుపట్టిన మధ్యాహ్నం, కిష్టారెడ్డిపేట అంతా కునుకు తీస్తున్నట్టుంది. పేజీ తెరుచుకుంది. పావురాల గురగుర, మట్టి మీద నీళ్ళు పడే చప్పుడు నా చెవుల్లోకి వచ్చాయి. అన్నం ముద్దల మధ్య అన్న రోజూ విన్నది ఇదే కదా! నడిరోడ్డు మీద ఏడ్చేశాను.

వదినకు ఫోన్ చేసి, "వస్తోంది వదినా" అని మాత్రం చెప్పి పెట్టేశాను.

చెంబు కింద పెట్టిన చప్పుడు. కుర్చీ జరిగింది. ఆమె ఊపిరి నా చెవి పక్కనే ఉన్నట్టు వినిపించింది.

"ఏమయ్యా... తిన్నవా?"

ఇయర్‌ఫోన్లు తీసేశాను. పేజీ మాత్రం మూయలేదు. ఫోన్‌ను అరచేతిలో పెట్టుకుని, వాన మొదలయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.