దువ్వెనలో మిగిలిన వెంట్రుకలు

కాలేజీ రసాయనశాలలో ఆయనది కాల్చే ఉద్యోగం. ఆకు, ఎముక, చీమ, పుట్టగొడుగు, ఏది తెచ్చిచ్చినా ఎండబెట్టి, పొడిచేసి, ఆవగింజంత తీసి తగరపు రేకులో చుట్టి యంత్రంలో వేస్తాడు. లోపల ఆక్సిజన్‌లో అది భగ్గున మండిపోతుంది. అందులో కార్బన్ నూటికి ఎంత ఉందో కాసేపట్లో తెర మీద పడుతుంది. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. పిల్లలు ఆయన్ని బొగ్గు బాబాయి అనేవారు. ఆయనా ఆ పేరుకే పలికేవాడు.

ఇంట్లో ఆయనా, అక్కా. అమ్మానాన్నలు పోయాక బట్టలు కుట్టి తమ్ముణ్ణి చదివించింది ఆవిడే. ఇద్దరూ పెళ్ళి మాట ఎత్తకుండానే ముసలివాళ్ళయిపోయారు. సాయంత్రం ఆయన రాగానే "ఇవాళ దేన్ని తగలేశావురా?" అని అడిగేది అక్క. ఆయన పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఒకసారి, ప్రాణమున్నవన్నీ కార్బన్ చుట్టూ అల్లుకున్నవేనని, నీళ్ళు తీసేసి చూస్తే చీమలోనూ మనిషిలోనూ దాదాపు సగం అదేనని చెప్పాడు.

"అయితే నేనూ చీమా ఒకటేనంటావు."

"లెక్క ప్రకారం అంతే అక్కా."

"రేపట్నుంచి ఆ చీమనే వండిపెట్టమను," అని లోపలికి పోయింది.

చలికాలంలో నాలుగు రోజుల జ్వరంతో అక్క పోయింది. వచ్చినవాళ్ళు వచ్చారు, వెళ్ళారు. ఆ తర్వాత ఇంట్లో కుట్టుమిషను చప్పుడు లేదు, అడిగే మనిషి లేదు. కూరలో ఉప్పు ఎక్కువైనా అనేవాళ్ళు లేక ఆయన అలాగే తినేసేవాడు. కాలేజీలో నమూనాలు తీసుకోవడం, కాగితాలు ఇవ్వడం తప్ప ఎవరితోనూ మాట కలిసేది కాదు.

ఐదో నెలలో బీరువా సర్దుతుంటే అక్క దువ్వెన దొరికింది. పళ్ళ మధ్య నెరిసిన వెంట్రుకలు చిన్న ఉండగా చుట్టుకుని ఉన్నాయి. ఎందుకనిపించిందో ఆయనకే తెలియదు. కొన్నిటిని కాగితంలో పొట్లం కట్టి మర్నాడు కాలేజీకి తీసుకెళ్ళాడు. మిగతా నమూనాల లాగే కడిగి, ఆరబెట్టి, తూచి యంత్రంలో వేశాడు.

కార్బన్ నలభై అయిదు పాయింట్ రెండు. నైట్రోజన్ పదిహేను. కిందటేడు ఒక విద్యార్థి తెచ్చిన వెంట్రుకలకూ అటూ ఇటూగా అంతే వచ్చింది. ఏదో తేడా ఉంటుందని ఎక్కడో ఆశపడ్డాడు కాబోలు, చాలాసేపు తెర ముందునుంచి కదల్లేదు.

రెండు రోజుల తర్వాత, కొత్తగా చేరిన లెక్చరరమ్మ రిజిస్టరు తిరగేస్తూ ఒక వరుస దగ్గర ఆగింది. అక్కడ అంకెలున్నాయి, నమూనా పేరు లేదు. ఎవరిదని అడిగింది. చీవాట్లు తప్పవనుకుంటూ ఆయన నిజమే చెప్పాడు.

"మా అక్కదమ్మా. వెంట్రుకలు."

ఆవిడ రిజిస్టరు మూసింది. "ఇంకా ఉన్నాయా బాబాయ్?"

"ఉన్నాయి."

"వాటిని కాల్చకండి. ఎంత కార్బన్ ఉందో ఈ మిషను చెబుతుంది గానీ, ఆ కార్బన్ ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని ఉందో చెప్పలేదు. కాల్చగానే ఆ అల్లికంతా విడిపోతుంది."

ఆయనకది తెలియని సంగతి కాదు. కొత్తగా చేరే పిల్లలకు తనే చెప్పేవాడు.

"మా అక్క బట్టలు కుట్టేదమ్మా," అన్నాడు. "దారం తూచి చొక్కా ఎలా ఉందో చెప్పమన్నట్టుంది నేను చేసిన పని."

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. అక్క ఎలా ఉండేదని అడిగింది. ఇన్ని నెలల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఆయన చెప్పుకుంటూ పోయాడు. అక్క కోపం, వేళాకోళం, కుట్టుమిషను ముందు కూర్చుంటే భోజనం వేళ మర్చిపోవడం, అన్నీ. చీమ సంగతి విని ఆవిడ నవ్వింది. ఆయనా నవ్వాడు.

సాయంత్రం ఆయన హుషారుగా ఇంటిదారి పట్టాడు. ఇవాళ చాలా కబుర్లున్నాయి, పోగానే అంతా చెప్పాలనుకుంటూ మెట్లెక్కాడు. సగం ఎక్కాక గుర్తొచ్చింది. జేబులోంచి తాళంచెవి తీసుకుని పైకి వెళ్ళాడు.